పది పంగు

జక్కమ్మకు తెల్లవారుతూనే ఒక పని ఉండేది. ముందురోజు దంచి జల్లించిన పొడిని చిటికెడు తీసి, గోరువెచ్చని నీళ్ళతో తడిపి, ఎడమ మోచేతి మడతలో రాసుకునేది. ఆ చెయ్యి చాపుకుని గడప మీద కూర్చునేది. ఎదురింటివాళ్ళు వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి లోపలికి పోయేదాకా కదిలేది కాదు. తరవాత కడుక్కుని వెలుతురులో చెయ్యి తిప్పి చూసుకునేది. ఎర్రబడకపోతే, దురద పుట్టకపోతే, ఇంకొంచెం తడిపి కంటిరెప్ప మీద అద్దుకునేది. కన్ను కూడా ఊరుకుంటేనే ఆ పొడి మూటకట్టి ఊళ్ళోకి బయలుదేరేది.

ఆమె మొగుడు బొమ్మయ్య బండికి ఎద్దులు కడుతూ ఎగతాళి చేసేవాడు.

"కూరలో ఉప్పు ఒకనాడైనా చూసినావా? ఆ పొడి మాత్రం దినమూ చూస్తావు."

"కూర తినేది నువ్వు. బాగలేకుంటే అరిచేకి నోరుండాది. వాళ్ళకేముండాది?"

వాళ్ళంటే పసిబిడ్డలు. తమిళనాట రాజపాళయంలో కానుపైన ఇంట్లో బొడ్డు ఊడిన మర్నాడు, తమలపాకులూ నూనెగిన్నే పట్టుకుని ఎవరో ఒకరు జక్కమ్మ గడప ముందు నిలబడేవారు. అదే పిలుపు. ఆమె పోయి, పెరట్లో పీట మీద కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, పొడి రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి పక్కలో పడుకోబెట్టేది. మంసాపురంలో ఒక నాయకర్ల ఇంట పుట్టి ఈ ఊరికి కాపరానికి వచ్చిన ఆమెకు, అత్తగారు నేర్పిన విద్య అది. మిల్లు యజమానుల మేడల్లోనూ, మిల్లు కూలీల వరసగదుల్లోనూ అదే పీట, అదే పొడి. ఏ ఇంట్లో ఏ బిడ్డకు వీపు మీద పుట్టుమచ్చ ఉందో ఊళ్ళో ఆమెకొక్కదానికే తెలుసనేవారు.

ఆ పొడిలో దాపరికమేమీ లేదు. కొండకింద పెరిగే అరప్పు చెట్టు ఆకు నీడన ఎండబెట్టి దంచింది ముక్కాలు భాగం. మిగిలింది పచ్చపెసల పిండి, కొంచెం సీకాయ. గాయాలకు కట్టేందుకు ఆ చుట్టుపక్కల మగ్గాల మీద నేసే పలచని గుడ్డలో రెండుసార్లు జల్లించేది. ఆకును గురించీ కాయను గురించీ మనుషుల మాదిరే మాట్లాడేది.

"అరప్పు సాదు" అనేది. నెమ్మదైన ఆవును ఆ ఊళ్ళో సాదు అంటారు. "సీకాయకు మటుకు కోపం జాస్తి. కంటిలో పడితే ఊరుకోదు. దాన్ని సాదు పక్కన కట్టేసుండాలి."

1958, 59 నాటికి ఊళ్ళో మిల్లులు పెరిగాయి. ఆడవాళ్ళు కూడా షిఫ్టులకు పోయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, వాసన సోపులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. నురగకు అలవాటుపడిన చేతికి అరప్పు జిగురు ఎట్లాగో ఉండేది. జక్కమ్మ ఇంటికి రెండిళ్ళ అవతల పాండియమ్మాళ్ అని ఒకామె ఉండేది. మిల్లులో నూలు చుట్టే పని. ఆమె మొదటి ఇద్దరు బిడ్డలకూ జక్కమ్మే నీళ్ళు పోసింది. ఆ చనువుతో ఎంతమాటైనా అనేది.

"నీ పొడి మంచిదే అక్కా. కాని పోసుకున్నట్టే ఉండదు. సోపైతే బుసబుసా నురె వస్తాది."

"నురగొస్తే మురికి పోతాదా? వానకాలం వాగు చూడు, ఎంత నురగ. దాంట్లో నీళ్ళు తాగుతావా?"

"నీతో మాట్లాడి గెలిచేవాళ్ళు ఇంకా పుట్టలేదు."

"పుట్టినా మొదట నా కాళ్ళ మీదనే పడుకోవాలి" అనేది జక్కమ్మ. ఆ మాటలో గర్వం ఉంది. ఆమెకు వేరే ఆస్తి లేదు. తన చేతిలో బిడ్డను పెట్టడానికి ఊళ్ళో ఏ తల్లీ వెనకాడదన్న ఒక్క పేరే ఉంది.

1961 ఎండాకాలంలో వేంకటసుబ్రహ్మణ్య రాజా ఆమెను పిలిపించాడు. గాయాల గుడ్డ నేయించి బయటి ఊళ్ళకు పంపే మనిషి. ఆయన మనవడికి కిందటేడు జక్కమ్మే నీళ్ళు పోసింది. ఆయన తిన్నె మీద కూర్చున్నాడు, ఈమె మెట్టు కింద నిలబడింది.

"జక్కమ్మా, నీ పొడిని పాకెట్టు కడదామని ఉండాది. షెడ్డు నాది. ఆకు దంచి ఇచ్చేది నువ్వు. నీ పేరే పెడతాను. జక్కమ్మ స్నానప్పొడి."

"నా పేరెందుకు రాజా? సామి పేరేదైనా పెట్టండి."

"సామి పేరు పెడితే ఎవరు నమ్ముతారు? బిడ్డతల్లులకు నమ్మకం నీ మీద."

ఆయన ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె ఆ పూట అన్నం తినలేకపోయింది, సంతోషంతో.

కాని ఉత్త ఆకుపొడి బజారులో నిలవదని ఆయనకు తెలుసు. నురగ కావాలి. బొంబాయి నుంచి వచ్చిన ఏజెంటు ఒకడు తెల్లని పొడి డబ్బా ఇచ్చి పోయాడట. సోపు కాదు, కొబ్బరినూనె నుంచి తీసింది, కారం లేదు, చర్మానికి మెత్తన అని చెప్పాడట. సోపులో ఒంటిని కొరికే సోడా గుణాన్ని ఆ ఊళ్ళో కారమంటారు. రాజా ఆ డబ్బాను జక్కమ్మ చేతిలో పెట్టి చూసిరమ్మన్నాడు.

"ఇదేంది, పిండా?" అన్నాడు బొమ్మయ్య.

"నురగపొడి. కారం లేదంట."

"కారం లేకుంటే నీ కూరలో పోసేది అదేనేమో."

జక్కమ్మ పన్నెండు రోజులు ఆ పొడితో కాపరం చేసింది. సగానికి సగం కలిపి మోచేతిలో రాసుకుంటే, తెల్లవారేసరికి చర్మం కంది, మూడోనాటికి తొండ తోలు మాదిరి పొట్టు లేచింది. అయినా తేల్చుకుందామని కంటిరెప్ప మీద అద్దుకుంటే కన్ను రెండు రోజులు తెరవలేదు. నాలుగో వంతు వేస్తే మంట లేదు గాని, చర్మం బిగుసుకుంది. పదో వంతుకు దించాక చెయ్యి ఊరుకుంది, కన్ను ఊరుకుంది. గిన్నెలో చిన్న నురగ కూడా లేచింది. అయిదు రోజులు వరసగా అదే కొలతతో చూసుకుని అప్పుడు రాజా దగ్గరికి పోయింది.

"ఇది చెడ్డదని చెప్పను రాజా. కొంచెమైతే సాదే. ఎక్కువైతే కాదు."

"అన్నీ అంతే గదా."

"ఆమా, అన్నీ అంతే. అందుకే ఎంతని చెప్పేకి వచ్చినాను. పది పంగు. నూటికి పది. మిగిలిందంతా నా ఆకుపొడి." పంగు అంటే పాలు, వంతు. రెండు చేతులూ ఎత్తి, పది వేళ్ళూ విప్పి చూపించింది. "ఇంకొక వేలు ఎక్కువైతే నా పేరు తీసెయ్యండి."

రాజా నవ్వి, జేబులోని పెన్ను తీసి, పాత బిల్లు వెనక రాశాడు. ఆయన రాసిన తీరు గురించి కొంచెం చెప్పాలి.

రాజపాళయంలో రాజుల ఇళ్ళలో, నాయకర్ల ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. బడిలో నేర్చింది తమిళం. అందువల్ల ఇంటికి ఉత్తరం రాసినా, సరుకుల చీటీ రాసినా, తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో పెట్టి రాస్తారు. తమిళంలో త, ద రెంటికీ ఒకటే అక్షరం. చదివేవాడు ఇంటిమనిషైతే ఏ మాటో ఇట్టే పట్టుకుంటాడు. తరతరాలుగా అట్లా రాసుకుంటున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు. అంకె వేస్తే పక్కన ఎవడైనా సున్న చేర్చవచ్చని రాజా ఎప్పుడూ మాటల్లోనే రాసేవాడు. వ్యాపారంలో అది ఆయన జాగ్రత్త. ఆనాడూ మాటల్లోనే రాశాడు. నురగపొడి పది పంగు, మిగతా ఆకుపొడి. జక్కమ్మకు చదువు రాదు. ఆయన పెన్ను కాగితం మీద కదులుతుంటే, తన మాట అక్కడికి పోయి కూర్చుంటున్నదని చూస్తూ నిలబడింది.

కాగితం షెడ్డులో మేకుకు గుచ్చారు. కలిపే పనికి సేత్తూరు నుంచి పెరియసామి వచ్చాడు. తమిళుడు. రాజా ఇంట పనిచేసి నాలుగు తెలుగు మాటలు నేర్చుకున్నాడు గాని, చదివేటప్పుడు కంటికి తమిళమే కనపడేది. పంగు తమిళ మాట. దాని ముందున్న రెండక్షరాలు ఆ చోట ఏ తమిళ మాటా కావు. ఒక్క గీత చేరిస్తే అవుతాయి. తమిళంలో అక్షరానికి దీర్ఘమిచ్చే ఆ గీతను కాలు అంటారు. పది అన్న మాటలో ప పక్కన కాలు పెడితే పాది. పాది అంటే సగం. ముదలాళి, అంటే యజమాని, తొందరలో కాలు వదిలేశాడనుకున్నాడు పెరియసామి. సగానికి సగం కలిపాడు. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మొదటి పాకెట్టు జక్కమ్మ ఇంటికి పంపించారు. పచ్చకాగితం మీద పీటా, చాపిన కాళ్ళూ, బిడ్డా బొమ్మ. పైన పేరు. బొమ్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేందే, నీ కాళ్ళు ఇంత సన్నగా వేసినారు" అన్నాడు. జక్కమ్మ చేతులు కడుక్కుని వచ్చి పాకెట్టును అందుకుంది. పసుపుకుంకాలు పెట్టి సామి పటం ముందు నిలబెట్టింది. పేరున్న కాగితం చించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఇరవై ఏళ్ళలో, తన చేతి మీద చూడకుండా బిడ్డల దగ్గరికి పోనిచ్చిన పొడి అదొక్కటే.

పాండియమ్మాళ్‌కు ఆ వానకాలంలో మూడో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. నెలా పదిరోజులకే ఆమె షిఫ్టుకు పోవాల్సివచ్చింది. జక్కమ్మ షెడ్డుకు ఆకు దంచే తొందరలో రెండు రోజులు రాలేదు. కొన్న పాకెట్టు ఇంట్లో ఉంది కదా అని పాండియమ్మాళ్ అత్త వేలమ్మాళ్ పొడి తడిపి బిడ్డ తలకు పట్టించింది. నురగ చూసి ముచ్చటపడి ఇంకొంచెం పట్టించింది. కళ్ళలోకి కారింది. బిడ్డ ఏడ్చింది. నీళ్ళు పోసేటప్పుడు ఏ బిడ్డ ఏడవదు?

సాయంకాలానికి తలా మెడా ఎర్రగా కందిపోయాయి. రెండోనాడు చర్మం ఊడింది. ఆస్పత్రిలో పదిహేను రోజులున్నారు. ఒళ్ళు బాగైంది. ఎడమకంట్లో పువ్వు వేసింది. ఊళ్ళో ఇంకో నలుగురు బిడ్డలకు తల కందింది గాని, వాళ్ళ కళ్ళు దక్కాయి.

పాండియమ్మాళ్ మనుషులు చావడికి పోయారు. కోటలని పిలిచే రాజుల వీధుల్లో తగువులు విని తీర్పు చెప్పే చోటు అది. ఆనాడు వినడానికి కూర్చున్న పెద్ద బాలగోపాల రాజా, డెబ్బై దాటినవాడు. మగవాళ్ళు పైన కూర్చున్నారు. జక్కమ్మ, పాండియమ్మాళ్ మెట్ల కింద నిలబడ్డారు. లోపలికి పోయే ముందు వేంకటసుబ్రహ్మణ్య రాజా చావడి తిన్నె మీద ఒక్క నిమిషం కూర్చుని, సంచిలోంచి ఆ పాతబిల్లు తీశాడు. పెన్ను మూత విప్పి కాగితం మీద ఒకచోట చిన్నగా కదిపి, ఊది, మూత పెట్టాడు. జక్కమ్మ చూసింది. చేవ్రాలు పెడుతున్నాడనుకుంది.

పెద్దాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"నురగపొడి పాది పంగు. సగమా? ఈ కొలత ఎవరు చెప్పినారు?"

"జక్కమ్మ చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసినాను" అన్నాడు రాజా.

"పది అన్నాను సామీ" అంది జక్కమ్మ కిందినుంచి. "రెండు చేతులూ ఎత్తి చూపినాను. రాజాకు తెలుసు."

"చేతులు ఎత్తింది నిజమే. మొక్కుతుండాదనుకున్నాను" అన్నాడు రాజా.

పైన ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన పెరియసామిని పిలిచి కాగితం చూపించాడు. అతను దాన్ని చాలాసేపు చూశాడు. రాజా వైపు చూశాడు.

"నువ్వు కలిపింది ఇదేనా?"

"ఆమా సామీ. పాది. నేను కలిపింది పాదే."

అది అబద్ధం కాదు.

పెద్దాయన కాగితం మడిచాడు. ఆయన చెడ్డవాడు కాడు. మెల్లగానే చెప్పాడు.

"చూడు జక్కమ్మా. మన మాటే అట్లాంటిది. సగమనే చోట పాది అంటాము, పాలనే చోట పంగు అంటాము. సగం తెలుగు, సగం తమిళం. పది అనుకుని నీ నోట పాది వచ్చి ఉండచ్చు. నోరు జారుతాది, తప్పేమీ లేదు. వేణుమని, కావాలనే చేసినావని ఎవరూ అనరు."

"నా నోట రాలేదు సామీ."

"మరి కాగితం అబద్ధం చెప్తాదా?"

కాగితాన్ని ఆమె ఎప్పుడూ అనుమానించలేదు.

మెట్ల దగ్గర పాండియమ్మాళ్ ఆమె వైపు తిరిగింది. చంకలో బిడ్డ. ఎడమకంటికి గుడ్డ అడ్డం కట్టి ఉంది.

"పది అన్నావో పాది అన్నావో నాకొద్దు అక్కా. ఒక్కటి చెప్పు. ఆ పాకెట్టు విప్పి నీ చేతికి రాసి చూసినావా?"

జక్కమ్మ కొంగుతో ఎడమచెయ్యి కప్పుకుంది.

"దినమూ చూస్తావు గదా. కాకులు లేచేటప్పుడే కూర్చుని చూస్తావు గదా. నీ పేరు చూసి పోసినాము అక్కా. వేరే పేరుంటే మా అత్త ముట్టేదా?"

"సామి ముందర పెట్టినాను" అంది జక్కమ్మ.

"సామికి ఒళ్ళు కందదు" అని పాండియమ్మాళ్ వెళ్ళిపోయింది.

నాలుగైదు రోజుల తరవాత, మధ్యాహ్నం ఎండలో పెరియసామి ఆమె ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విడిచి వాకిట్లోనే నిలబడ్డాడు.

"అక్కా, నేను కలిపేటప్పుడు ఆ కాగితంలో కాలు లేదు. వదిలేసినారని నేనే అనుకున్నాను. చావడిలో చూస్తే ఉండాది. సిరా కొత్తగా ఉండాది."

జక్కమ్మకు కాలంటే ఏమిటో తెలియలేదు. అతను పుల్లతో వాకిట్లో మట్టి మీద రాసి చూపించాడు. ఇది పది. ఇక్కడ ఈ గీత పెడితే పాది. ఆమె వంగి ఆ గీతను చూసింది. వెంట్రుకవాసి. చావడి తిన్నె మీద రాజా పెన్ను కదిపి ఊదడం గుర్తొచ్చింది.

"వచ్చి ఆ మాట చావడిలో చెప్తావా తమ్ముడూ?"

పెరియసామి పుల్ల కింద పడేశాడు. "నేను చెప్తే తప్పు నాదవుతాది అక్కా. కాలు లేని మాటకు కాలు పెట్టి చదివింది నేనే గదా. ఆయన పని తీసేస్తే సేత్తూరులో నాకు సెంటు నేల లేదు."

"మరి నాకెందుకు చెప్పినావు?"

"నిద్ర పట్టలేదు."

"ఇప్పుడు పడతాదిలే" అంది ఆమె. అతను పోయాక ఆ అక్షరాలను కాలితో చెరిపేసింది.

బొమ్మయ్య ఆ సంగతి విని రాజా ఇంటికి పోతానని కర్ర తీశాడు. ఆమె వద్దంది. పోయి ఏమని అడుగుతాడు? ఇద్దరికీ చదువు రాదు. చదువు వచ్చిన ఒక్క సాక్షి నోరు మూసుకున్నాడు. పైగా పాండియమ్మాళ్ అడిగింది కాగితం గురించి కాదు. ఆ అడిగినదానికి రాజా గాని, చావడి గాని, కాలు గాని అడ్డం రాలేవు. మేకు మీద కాగితంలో ఏమున్నా, ఆ పొద్దున ఆ పాకెట్టు చించి మోచేతికి రాసుకుని ఉంటే ఒక ఆడపిల్ల కన్ను నిలిచేది. ఆ సంగతి తెలిసిన మనిషి ఏ మొహం పెట్టుకుని న్యాయం అడుగుతుంది?

తమలపాకులు రావడం ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. కానుపైన ఇంటి ముందు ఆమె పోతుంటే, వాకిట్లో ఉన్న బిడ్డను ఏదో పని ఉన్నట్టు లోపలికి తీసుకుపోయేవారు. అంతే. ఒక మాట అని ఉంటే దానికి ఎదురుమాట ఉండేది.

రాజా షెడ్డు ఆరు నెలలు మూసి మళ్ళీ తెరిచాడు. పాకెట్టు రంగు మార్చాడు. పేరు అంబుజం స్నానప్పొడి అయింది. బొమ్మలో పీటా కాళ్ళూ లేవు, తామరపువ్వు ఉంది. ఈసారి కొలత తప్పకుండా అంకెల్లో రాయించాడు. నురగపొడి నూటికి పది. ఆ పొడి మంచిదేనని అందరూ చెబుతారు. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. మదురై దాకా పోతోంది. పాండియమ్మాళ్ కూడా వాడుతుంది. ఆ పదిని ఎవరు కనిపెట్టారో, ఎవరి మోచేతి మీద ఎన్ని రోజులు తేల్చారో ఎవరూ అడగలేదు. రాజా చెప్పలేదు.

1964లో జక్కమ్మ ఒక్కగానొక్క కూతురు గోవిందమ్మాళ్‌కు తళవాయిపురంలో, అత్తవారింట్లోనే కానుపైంది. పుట్టింటికి పంపడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. కారణం చెప్పలేదు. జక్కమ్మ అరప్పు దంచి, జల్లించి, మోచేతి మీదా కంటి మీదా చూసుకుని, మూట కట్టుకుని బస్సెక్కి పోయింది. బిడ్డ పుట్టి పదకొండో రోజు. పెరట్లో పీట వేసి ఉంది, వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. ఆమె కొంగు బిగించి పీట మీద కూర్చోబోయింది.

"మీరు ప్రయాణం చేసి వచ్చినారు, కూర్చోండి వదినా" అంది వియ్యపురాలు, ఆమె భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరుపుతూ. "మేము పోసుకుంటాములే."

జక్కమ్మ కూతురి వైపు చూసింది. గోవిందమ్మాళ్ చిన్నప్పటినుంచీ ఆ పీట పక్కనే కూర్చుని ఎందరో బిడ్డల స్నానాలు చూసింది. ఆ పొడితోనే పెరిగింది. ఆమె తలొంచుకుని బిడ్డ జబ్బ మీద లేని చీమను తోలింది. తరవాత బిడ్డను అత్త చేతికి ఇచ్చింది.

వియ్యపురాలు కాళ్ళు చాపుకుంది. బిడ్డ మెడ కింద చెయ్యి సరిగ్గా పెట్టలేదు. తల కొంచెం వెనక్కి వాలుతోంది. జక్కమ్మ చూస్తూ నిలబడింది. పక్కన అంబుజం పాకెట్టు విప్పి ఉంది. నీళ్ళు పోయడం అయిపోయాక, బిడ్డను తుడిచి లోపలికి తీసుకుపోయాక, ఆమె పెరట్లో మిగిలిన వేణ్ణీళ్ళను వంపేసి, పీటను కడిగి గోడకు ఆనించింది.

మరుసటి ఏడు బొమ్మయ్య పోయాడు. ఎద్దులనూ బండినీ అమ్మేశారు. జక్కమ్మ ఇప్పుడు తళవాయిపురంలో ఒక అద్దెగదిలో ఉంటోంది. ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. అక్కడి రైసుమిల్లు కళ్ళంలో వడ్లు ఎండబోసే పని చేస్తుంది.